తీసిన ఎనామెల్ తిరిగి రాదు

క్రౌన్, బ్రిడ్జి, వెనీర్ పనిలోకి కొత్తగా దిగే డెంటిస్టులకు

ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక సాయంత్రం ల్యాబ్ టెక్నీషియన్ స్వయంగా క్లినిక్‌కి వచ్చాడు. ఎప్పుడూ కుర్రాడి చేత డబ్బా పంపించేవాడు. ఆ రోజు చేతిలో ఒక చిన్న డై, ఒక ఎర్ర పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టర్ గారూ, ఇది మీరు పంపిన కింది దవడ పన్ను. మార్జిన్ ఎక్కడుందో మీరే గీసివ్వండి, దాని మీద క్యాప్ చేసిస్తాను" అన్నాడు.

డై తీసుకుని లైటు కింద తిప్పి చూశాను. చెంప వైపు గీత కొంత దూరం స్పష్టంగా ఉంది. నాలుక వైపుకు వచ్చేసరికి పలచబడింది. వెనక వైపు పన్ను ఎక్కడ ముగిసిందో, చిగురు ఎక్కడ మొదలైందో తేడా లేదు. పెన్సిలు ఆడలేదు. ఆ పన్ను అరగదీసింది నేనే. ఎక్కడ ఆపానో నాకే తెలియలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఇలా వస్తే మేం అంచనాగా గీసుకుంటాం సార్. అంచనా తప్పితే క్యాప్ పొట్టిదవుతుంది, లేకపోతే చిగురు లోపలికి దిగుతుంది" అన్నాడు. మర్నాడు పేషెంటును పిలిపించి, మళ్ళీ మత్తిచ్చి, అంచు సరిచేసి, మళ్ళీ కొలత తీశాను. ఆ పేషెంటు ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. నా తప్పుకు ఖరీదు కట్టింది ఆయన.

బీడీఎస్ పూర్తిచేసి క్లినిక్కుల్లో చేరుతున్న మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ పెన్సిలు చుట్టూనే తిరుగుతుంది. బర్ పంటిని తాకకముందే ఆ గీత మీ కళ్ళలో ఉండాలి. ఎక్కడ ఆగాలో తెలిసిన చేయి మాత్రమే ధైర్యంగా మొదలుపెట్టగలదు.

అసలు అరగదీయాలా?

ఎయిరోటర్ చేతికి అందగానే పని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. డేనియల్ ఎడెల్‌హాఫ్, జాన్ సోరెన్సెన్ అనే ఇద్దరు 2002లో ముందు పళ్ళ మీద ఒక లెక్క తీశారు. వెనీర్ లాంటి పనులకు పంటి పైభాగంలో సుమారు 3 నుంచి 30 శాతం పోతుంది. పూర్తి క్రౌన్‌కైతే 63 నుంచి 72 శాతం పోతుంది. అంటే మంచి పంటికి క్రౌన్ వేయడమంటే మూడింట రెండు వంతుల పన్నును పిండి చేసి సక్షన్ గొట్టంలోకి పంపడమే. ఎనామెల్‌ను తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేనాటికే పోతాయి. దాన్ని మళ్ళీ పుట్టించే శక్తి శరీరానికి లేదు.

అందుకే ప్రతి కేసులో తక్కువ కోతతో అయ్యే దారి ఉందా అని వెతకండి. ఫిల్లింగ్‌తో సరిపోయే చోట ఆన్‌లే వద్దు. ఆన్‌లేతో సరిపోయే చోట క్రౌన్ వద్దు.

పెళ్ళిళ్ళ సీజనులో ఈ మాట మరీ గుర్తుండాలి. ముహూర్తానికి మూడు వారాల ముందు ఒక అమ్మాయి వాళ్ళ అమ్మతో వస్తుంది. ముందు పళ్ళు కాస్త వంకర, కాస్త పసుపు. "క్యాపులేసి తెల్లగా చేసెయ్యండి డాక్టర్ గారూ" అంటారు. ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో పల్ప్ పెద్దదిగా ఉంటుంది, దాని కొమ్ములు ఎనామెల్‌కు దగ్గరగా వస్తాయి. ఆరు పళ్ళు చెక్కేసి క్యాపులేస్తే పెళ్ళి ఫోటోలు బాగుంటాయి. కానీ క్రౌన్ ఏదీ జీవితాంతం ఉండదు. మార్చాల్సిన ప్రతిసారీ ఇంకాస్త పన్ను పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. క్లీనింగ్, బ్లీచింగ్, అవసరమైన చోట కాస్త కాంపోజిట్‌తో ఎంత వస్తుందో ముందు చూపించండి. తల్లికి అద్దంలో చూపిస్తూ చెప్పండి. చాలామంది వింటారు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చేవాళ్ళ కథ వేరు. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడి, మాట్లాడేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునే పిల్లలు మన దగ్గరికి వస్తారు. వాళ్ళకు వెనీర్ నిజంగా మేలు చేయవచ్చు. అయినా పై పొరలోని మచ్చ అయితే మైక్రోఅబ్రేషన్, బ్లీచింగ్ ముందు ప్రయత్నించండి. వెనీర్ వరకూ వెళ్తే, ఫ్లోరోసిస్ ఎనామెల్ పై పొర యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదని గుర్తుంచుకుని ఎచింగ్ చేయండి.

కొలతలు కంఠతా ఉండాలి

"కొంచెం తీశాను", "బాగానే తీశాను" అనే మాటలు ఈ పనిలో చెల్లవు. క్రౌన్ దేనితో చేస్తారో ముందు తేలాలి, దాన్ని బట్టి మిల్లీమీటర్లు తేలుతాయి.

పూర్తి మెటల్ క్రౌన్‌కు నమిలే బరువు మోసే కస్పు మీద 1.5 మిల్లీమీటర్లు, రెండో కస్పు మీద 1 మిల్లీమీటరు, అంచులో 0.5 మిల్లీమీటర్ల చాంఫర్ చాలు. మెటల్ సిరామిక్‌కు పింగాణీ కప్పే చోట పైన 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు కావాలి. చెంప వైపు 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల షోల్డర్, ఒట్టి మెటల్ ఉండే నాలుక వైపు 0.5 మిల్లీమీటర్ల చాంఫర్ ఇవ్వాలి. లిథియం డైసిలికేట్‌కు పైన 1.5 నుంచి 2, చుట్టూ 1 నుంచి 1.5, అంచులో 1 మిల్లీమీటరు గుండ్రటి షోల్డర్. పూర్తి జిర్కోనియా కాస్త దయగలది. పైన 1 నుంచి 1.5, అంచులో 0.5 నుంచి 1 మిల్లీమీటరు చాంఫర్‌తో సర్దుకుంటుంది. మీ ల్యాబ్ వాడే బ్లాకు కంపెనీ కాగితంలో ఏమి రాశారో ఒకసారి అడిగి తెప్పించుకుని చదవండి.

బరువు మోసే కస్పు ఏదో తడబడకండి. పై పళ్ళకు అంగిలి వైపుది, కింది పళ్ళకు చెంప వైపుది. ఆ కస్పు బయటి వాలు మీద కూడా ఏటవాలుగా కోత పెట్టాలి. అది మరిచిపోతే క్రౌన్ అక్కడే పలచబడి, ఏడాది తిరక్కుండా చిల్లు పడుతుంది.

కొలతకు పరికరం మీ చేతిలోనే ఉంది. బర్ పాకెట్ మీద చివర 016 అని ఉంటే దాని తల వెడల్పయిన చోట 1.6 మిల్లీమీటర్లు. కొన ఎంత ఉందో క్యాలిపర్‌తో కొలిచి పెట్టుకోండి. గుండ్రటి కొన ఉన్న బర్‌తో చాంఫర్ తీసేటప్పుడు కొనలో సగం వరకే పంటిలోకి దిగాలి. సగం దాటితే అంచున పలచని ఎనామెల్ గోడ లేస్తుంది. కొలత తీసేటప్పుడో, క్యాప్ కూర్చోబెట్టేటప్పుడో అది విరిగి, అక్కడ సందు మిగులుతుంది.

ఇక వాలు. ఎదురెదురు గోడల మధ్య మొత్తం 6 డిగ్రీలు ఉండాలని పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. నోట్లో అంత తక్కువ వాలు సాధించడం కష్టం. చార్లెస్ గుడేకర్ బృందం 2001లో 10 నుంచి 20 డిగ్రీల మధ్య పెట్టుకోమంది. వాళ్ళే పంటి ఎత్తు దవడ పళ్ళకు కనీసం 4 మిల్లీమీటర్లు, మిగతా పళ్ళకు 3 మిల్లీమీటర్లు మిగలాలని చెప్పారు. ఎత్తు తక్కువై వాలు ఎక్కువైతే, ఎంత ఖరీదైన సిమెంటు పెట్టినా క్యాప్ అన్నంలో ఊడి వస్తుంది. పన్ను పొట్టిగా ఉంటే పక్క గోడల్లో సన్నని గాడి తీసి పట్టు పెంచండి. రూట్ కెనాల్ అయి విరిగిన పంటికైతే అంచుకు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల అసలు పన్ను ఉందా చూడండి. పోస్టు పెట్టి ఎంత పైకి కట్టినా ఆ పట్టీ లేకపోతే ఎక్కువకాలం నిలవదు.

ఒక దవడ పన్ను, మొదటి నుంచి చివరి దాకా

కింది కుడి వైపు మొదటి దవడ పన్ను తీసుకుందాం. రూట్ కెనాల్ అయింది, కోర్ కట్టారు, జిర్కోనియా వేయాలి.

మొదట ఎక్స్‌రే. వేరు చివర మచ్చ ఉందా, ఫిల్లింగ్ ఎముకకు ఎంత దగ్గరగా దిగిందో చూడండి. తరువాత ఏమీ కోయకముందే పుట్టీతో ఆ పంటి అచ్చు తీయండి. ఒక అచ్చు టెంపరరీకి. ఇంకో అచ్చును బ్లేడుతో నిలువునా చీల్చి పక్కన పెట్టుకోండి. అదే మీ ఇండెక్స్. పని మధ్యలో దాన్ని పంటి మీద ఆనించి చూస్తే, పుట్టీకీ పంటికీ మధ్య కనబడే ఖాళీయే మీరు తీసింది. అంచనాతో పని లేదు.

నమిలే వైపు ముందుగా గాళ్ళు తీయండి. లోతు తెలిసిన బర్‌తో కస్పుల వాలుల మీద, లోయల్లో గాళ్ళు పెట్టి, తరువాత వాటి మధ్య గట్లను కలిపేయండి. పన్ను పైభాగం పొట్టిదవుతుంది కానీ కొండా లోయా ఆకారం అలాగే ఉండాలి. బల్లలా చదును చేస్తే మధ్యలో అనవసరంగా ఎక్కువ పోతుంది.

ఇప్పుడు పేషెంటును కరవమనండి. వేళ్ళతో ఊహించవద్దు. మెత్తబరచిన మైనపు బిళ్ళ పెట్టి కరిపించి, తీసి లైటుకు పట్టి చూడండి. వెలుతురు ఎక్కువ దూరివచ్చిన చోట ఖాళీ తక్కువ. అక్కడ క్యాలిపర్‌తో కొలవండి. నోరు నిటారుగా మూసినప్పుడే కాక, దవడ పక్కలకు జరిపినప్పుడూ చూడండి.

చెంప గోడను రెండు వాలుల్లో తీయాలి. చిగురు దగ్గర సగం పంటి నిలువుకు సమానంగా, పై సగం లోపలికి వాలుతూ. ఒకే వాలులో తీస్తే పల్ప్ వైపు ఎక్కువ పోతుంది, లేదా పైన పింగాణీకి చోటు చాలదు. చిగురు దగ్గర సగం తీసేటప్పుడు, బర్‌కే వాలు ఉంది కాబట్టి దాన్ని నిటారుగా పట్టుకుని నడిపితే చాలు, మణికట్టు వంచకండి.

చేయి వణికేది పక్క పంటి దగ్గరే. సన్నని సూది బర్‌తో, పక్క పంటి వైపు పలచని ఎనామెల్ పొర మిగిలేలా లోపలి నుంచి కోస్తూ వెళ్ళండి. చివర ఆ పొర దానంతటదే విరిగి పడుతుంది. పక్క పంటికి స్టీలు మాట్రిక్స్ పట్టీ కట్టండి. బర్ ఒక్కసారి జారితే ఏ పాపం తెలియని పన్ను మీద గీత పడుతుంది, ఆ గీతలో పాచి చేరుతుంది, రేపు అక్కడే పుచ్చు మొదలవుతుంది. పేషెంటుకు ఆ విషయం తెలియదు. మనకు తెలుసు.

ఆఖరున ఎర్ర పట్టీ ఉన్న మెత్తని బర్‌తో మూలలన్నీ గుండ్రంగా చేయండి. పింగాణీ ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోలేదు. కింద మొనదేలిన మూల ఉంటే పగులు అక్కడే పుడుతుంది.

తరువాత ఒక కన్ను మూసి, సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి అద్దంలో పంటిని పై నుంచి చూడండి. చుట్టూ అంచు మొత్తం ఒకే చూపులో కనబడాలి. రెండు కళ్ళతో చూస్తే ఒక కన్ను ఇటు గోడను, ఇంకో కన్ను అటు గోడను చూసి, అండర్‌కట్ ఉన్నా లేనట్టు మోసం చేస్తాయి.

నీళ్ళు లేకుండా ఒక్క సెకను కూడా వద్దు

బతికున్న పన్ను మీద పని చేస్తున్నప్పుడు ప్రతి క్షణం పల్ప్ గురించే ఆలోచించండి. లియో జాక్, గెర్సన్ కోహెన్ 1965లో కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగంలో పల్ప్ వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాదాపు 15 శాతం పళ్ళు కోలుకోలేకపోయాయి. ఎయిరోటర్ నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. నీళ్ళు సరిగా పడకపోతే ఆ వేడి క్షణాల్లో లోపలికి పోతుంది. మత్తులో ఉన్న పేషెంటు అమ్మా అనడు. నొప్పి ఆర్నెల్ల తరువాత అర్ధరాత్రి వస్తుంది.

రోజూ పొద్దున మొదటి పేషెంటు రాకముందే హ్యాండ్‌పీసు తిప్పి నీటి తుంపర బర్ కొనమీద పడుతోందా చూడండి. అరిగిన బర్ పారేయండి. అరిగిన బర్ కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. దాన్ని కోయించడానికి మీరు ఇంకా నొక్కుతారు, వేడి ఇంకా పెరుగుతుంది. చేయి బరువు పెట్టకుండా బ్రష్‌తో రంగు వేసినట్టు తేలిగ్గా, ఆగి ఆగి నడపండి. కోత అయ్యాక పంటిని గాలితో ఎండగొట్టకండి. లక్షల కొద్దీ సన్నని గొట్టాలు తెరుచుకుని ఉంటాయి, ఆ గాలి వాటికి దెబ్బ.

చిగురుకు చోటు వదలండి

అంచు ఎక్కడ పెట్టాలన్నది కోత కంటే పెద్ద నిర్ణయం. వీలైనంత వరకు చిగురుకు పైనే పెట్టండి. కొలత బాగా వస్తుంది, బ్రష్ అందుతుంది, ఏళ్ళ తరువాత పుచ్చు వచ్చినా కంటికి కనబడుతుంది. ముందు పళ్ళలో అందం కోసం లోపలికి పోవాల్సి వస్తే అర మిల్లీమీటరు చాలు. చిగురు పంటిని అంటుకునే పట్టీ ఎముకకు పైన సగటున 2 మిల్లీమీటర్లు ఉంటుందని గార్గియులో బృందం 1961లో కొలిచి చెప్పింది. క్రౌన్ అంచు ఆ పట్టీలోకి చొరబడితే చిగురు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారుతూనే ఉంటుంది. పేషెంటు పేస్టులు మారుస్తూ తిరుగుతాడు. తప్పు పేస్టుది కాదు.

అంచు కిందికి దించే ముందు రిట్రాక్షన్ కార్డు పెట్టండి. చిగురు పక్కకు జరుగుతుంది, బర్ దాన్ని చీల్చదు. రక్తం కారుతుంటే కొలత తీయకండి. సిలికాన్ అయినా, స్కానర్ అయినా రక్తం కింద ఉన్న అంచును చూడలేవు. స్కానర్ కొన్నాక ప్రెప్ తేలికవుతుందని కొందరు అనుకుంటారు. మనకు కనబడని గీత కెమెరాకు కూడా కనబడదు. ఆ రోజు చిగురు మాట వినకపోతే టెంపరరీ పెట్టి వారం తరువాత రమ్మనండి. చిగురు మానాక అదే పని పది నిమిషాల్లో అవుతుంది.

బ్రిడ్జి: రెండు పళ్ళకు ఒకే దారి

బ్రిడ్జిలో రెండు పళ్ళను విడివిడిగా బాగా అరగదీసినా సరిపోదు. రెంటి మీదికీ బ్రిడ్జి ఒకేసారి దిగాలి. మొదటి దవడ పన్ను పీకించుకుని ఏళ్ళ తరబడి ఖాళీ ఉంచినవాళ్ళలో వెనక పన్ను ముందుకు ఒరిగి ఉంటుంది. దాన్ని ముందు పంటికి సమాంతరం చేయబోతే ఒక వైపు చాలా పోయి పల్ప్ బయటపడవచ్చు. అలాంటి కేసులో ముందు మోడల్ పోసి, ప్లాస్టర్ మీద అరగదీసి చూడండి. ప్లాస్టర్ మీద చేసిన తప్పుకు ఖరీదు లేదు.

ఎన్ని పళ్ళు ఆసరాకు కావాలన్నదీ ముందే లెక్కేయాలి. ఆసరా పళ్ళ వేర్లకు ఎముకలో ఉన్న పట్టు, పోయిన పళ్ళ వేర్ల పట్టుకు తగ్గకూడదని ఇర్విన్ యాంటే 1926లో చెప్పాడు. ఆ మాటను ఈనాడు గుడ్డిగా పాటించనక్కరలేదు, కానీ దాన్ని పక్కన పెట్టేటప్పుడు కారణం మీకు తెలిసుండాలి. బ్రిడ్జి ఖాళీ పొడవు రెట్టింపయితే అది వంగేది ఎనిమిది రెట్లు. మందం సగమైనా అంతే. మూడు పళ్ళ ఖాళీకి బ్రిడ్జి వేసి రెండేళ్ళకు సిమెంటు వదిలేసిందని ఆశ్చర్యపోవద్దు.

చిన్న వయసులో ముందు పన్ను ఒకటి లేకపోతే, అటూ ఇటూ రెండు మంచి పళ్ళను చెక్కకుండా రెక్క అంటించే బ్రిడ్జి గురించి చెప్పండి. 1980ల నుంచి మేరీల్యాండ్ బ్రిడ్జి పేరుతో వాడుకలో ఉంది. ఇప్పుడు ఒకే పక్క పంటికి రెక్క అంటించే పద్ధతి కూడా బాగా నిలుస్తోంది. ఇంప్లాంటు వేసే వయసు, ఎముక, డబ్బు ఉంటే అదీ చెప్పండి. నిర్ణయం పేషెంటుది. దారులన్నీ చూపించడం మన బాధ్యత.

వెనీర్: అర మిల్లీమీటరు చదువు

వెనీర్ బలమంతా ఎనామెల్‌కు అతుక్కోవడంలో ఉంది. మైకేల్ బ్యూనోకోర్ 1955లో ఎనామెల్ మీద యాసిడ్ పెట్టి రెజిన్ అతుక్కునేలా చేయవచ్చని చూపించాడు. ఈ పనంతా దాని మీదే నిలబడి ఉంది. డెంటిన్‌కు అంత పట్టు రాదు. కాబట్టి ఎనామెల్ దాటకపోవడమే వెనీర్ ప్రెప్‌లో అసలు విద్య.

చిగురు దగ్గర 0.3, నడిమిన 0.5, కొన వైపు 0.7 మిల్లీమీటర్లు. కొనను కప్పే డిజైన్ అయితే అక్కడ 1 నుంచి 2 మిల్లీమీటర్లు. చిగురు దగ్గర ఎనామెల్ అసలే పలచన. అక్కడ చేయి కాస్త బరువైనా డెంటిన్ పసుపు కనబడుతుంది. లోతు కొలిచే చక్రాల బర్‌తో అడ్డంగా గాళ్ళు పెట్టి, గాళ్ళలో పెన్సిలుతో గీతలు గీయండి. గీత మాయమయ్యేదాకా మాత్రమే తీయండి. గీత పోయిందంటే ఆగాలని అర్థం.

ఇంకో మంచి అలవాటు చెబుతాను. ముందుగా ల్యాబ్‌లో మైనంతో కావలసిన ఆకారం కట్టించండి. దాని అచ్చుతో పేషెంటు పళ్ళ మీద తాత్కాలికంగా రెజిన్ ఆకారం వేయండి. పేషెంటు నవ్వు చూసుకుని సరేనన్నాక, ఆ రెజిన్ మీద నుంచే లోతు గాళ్ళు తీయండి. లోపలికి ఉన్న పంటికి అప్పుడు అసలు కోతే పడకపోవచ్చు. పాత పంటి ఆకారం నుంచి కొలిస్తే అనవసరంగా తీస్తాం. కాబోయే ఆకారం నుంచి కొలిస్తే అవసరమైనదే పోతుంది.

టెంపరరీ మీ మొదటి పరీక్షాపత్రం

టెంపరరీ క్యాప్‌ను చాలా క్లినిక్కుల్లో పట్టించుకోరు. "వారం రోజులేగా" అని పేషెంటును అలాగే పంపేస్తారు. ఆ వారంలో పన్ను జివ్వుమంటుంది, చిగురు అంచు మీదికి పెరుగుతుంది, ఎదుటి పన్ను కాస్త జరుగుతుంది. అసలు క్యాప్ వచ్చాక ఎత్తుగా ఉంటుంది, దాన్ని అరగదీసి పలచన చేస్తాం. పాపం మొదలైంది టెంపరరీ లేకపోవడంతో.

పైగా టెంపరరీ మీ పనికి అద్దం. ముందు తీసిన పుట్టీ అచ్చుతో చేసిన టెంపరరీని చేతిలోకి తీసుకుని క్యాలిపర్‌తో చుట్టూ కొలవండి. జిర్కోనియాకు 1 మిల్లీమీటరు కావాల్సిన చోట 0.6 చూపిస్తే, ఇంకా ఎంత తీయాలో, ఎక్కడ తీయాలో అది చెప్పేస్తుంది. పేషెంటు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, మత్తు ఇంకా ఉంది. ల్యాబ్ నుంచి ఫోను రాకముందే తప్పు దొరికింది.

ఉద్యోగంలో నిలబడటానికి

కొత్తగా చేరిన చోట సీనియర్ గారు ఒక క్రౌన్‌కు ఇరవై నిమిషాలు ఇవ్వవచ్చు. "సార్, మొదటి ఆర్నెల్లు నాకు గంట ఇవ్వండి, రిపీట్లు రావు" అని మర్యాదగా అడగండి. తిరిగొచ్చిన ఒక్క క్యాప్ క్లినిక్‌కు రెండు గంటలు, ల్యాబ్ ఖర్చు, ఒక పేషెంటు నమ్మకం తింటుందని వాళ్ళకూ తెలుసు.

ల్యాబ్‌ను శత్రువులా చూడకండి. నెలకోసారి వెళ్ళి మీ డైలు మీరే చూడండి. వాళ్ళు ఎదురు చెప్పలేక సర్దుకుపోతుంటారు. "నా పనిలో ఏం బాగోలేదో మొహమాటం లేకుండా చెప్పండి" అని అడిగితే, ఏ పుస్తకంలోనూ లేని పాఠం దొరుకుతుంది.

గ్యారంటీ కార్డు గురించి పేషెంటుకు నిజం చెప్పండి. పదేళ్ళు, పదిహేనేళ్ళు అని రాసింది క్యాప్‌కు. కింద ఉన్న పంటికి గ్యారంటీ ఇచ్చేది మీ చేయి, ఆయన బ్రష్. బ్రిడ్జి కింద శుభ్రం చేసుకునే బ్రష్ చేతిలో పెట్టి, అద్దం ముందు చేయించి పంపండి.

మీ ఒళ్ళు కూడా చూసుకోండి. పై దవడ పళ్ళకు అద్దంలో చూస్తూ పని చేయడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. మెడ వంచి నేరుగా చూడటం తేలికే కానీ, నలభై దాటాక ఆ మెడే పని మానిపిస్తుంది. వీలైనంత త్వరగా లూప్స్ కొనండి. మొదటిసారి పెట్టుకున్న రోజు మీ పాత మార్జిన్లు తలచుకుని బాధ కలుగుతుంది. ఆ బాధ మంచిదే.

పీకిన పళ్ళను శుభ్రం చేసి దాచుకోండి. వారానికి రెండు, ప్లాస్టర్‌లో నిలబెట్టి అరగదీయండి. చేతికి లోతు అలవాటయ్యేది అక్కడే.

ఒక్క పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టమని అడుగుతున్నాను. మీ తరువాతి ఐదు క్రౌన్ కేసులకు ల్యాబ్‌కు పంపే ముందు మోడల్ మీరే పోయించండి. స్కానర్ అయితే స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. ఎర్ర పెన్సిలు తీసుకుని మార్జిన్ మీరే గీయండి. గీత ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగి మొదలైన చోటికి వస్తే డబ్బా పంపండి. ఒక్క చోట తెగినా అదే సాయంత్రం పేషెంటుకు ఫోన్ చేసి, తప్పు మీదేనని చెప్పి, మళ్ళీ రమ్మనండి. ఆయన రోజు కూలి పోకుండా ఆదివారమో, రాత్రి ఎనిమిదింటికో క్లినిక్ తెరిచి కూర్చోండి.